కళాయి వదలని ముఖం

"వేగుని పిలవండి!" అని మహారాజు ఉదయకేతుడు ఆజ్ఞాపించాడు.

ఆజ్ఞ సరిగ్గానే ఉంది. దాన్ని అందుకున్న చెవే సరిగ్గా లేదు. కుసుమగిరి కొలువుకూటం గుమ్మంలో నిలబడే ద్వారపాలకుడికి చెవులయ్య అని పేరు పెట్టినవాళ్ళకి ముందుచూపు ఉందేమో గాని ముందువినికిడి లేదు. యాభై ఏళ్ళు నిండేసరికి ఆయన పేరులో చెవులు మిగిలాయి, చెవుల్లో ఆయన పేరు కూడా దూరడం మానేసింది. "ఏనుగుని పిలవండి" అని వినిపించింది ఆయనకి.

ప్రభువు మాట! చెవులయ్య గజశాల వైపు పరుగు తీశాడు. అరగడియలో పట్టపుటేనుగు కొలువులోకి వేంచేసింది. ముత్యాల తోరణాలు తొండానికి హారాలయ్యాయి. పట్టు తివాచీ కాలికి కడియమయింది. సామంతులు స్తంభాలు ఎక్కారు. ఆస్థాన నర్తకి సింహాసనం వెనక్కీ, ఆస్థాన విదూషకుడు నర్తకి వెనక్కీ చేరారు. సేనాపతి ఆ ఒక్క గజాన్ని చూసి గజగజ వణికాడు. లెక్క ప్రకారం 'గజ' అని ఒక్కసారి వణికితే సరిపోయేది.

"నేను పిలిచింది వేగుని! ఏనుగుని కాదు!" అని మహారాజు సింహాసనం మీద నిలబడి అరిచాడు.

"రెండూ వచ్చాయి ప్రభూ," అన్నాడు ఏనుగు మెడ మీది మావటి. ఒక్క దూకులో కిందికి దిగి, కత్తిరించినట్టున్న నల్లటి మీసం మీద చెయ్యేసి నమస్కరించాడు. "దాణా దొంగల్ని పట్టుకోవడానికి మూడు నెలలుగా మావటి అంకన్ననై గజశాలలోనే ఉంటున్నాను. తమ వేగు సారంగుణ్ణి."

కొలువంతా ఊపిరి పీల్చుకుంది. విదూషకుడు మాత్రం నర్తకి వెనకాల ఇంకాసేపు ఉన్నాడు.

సారంగుడు బట్టలకు రంగులద్దేవాడి కొడుకు. తండ్రి గుడ్డల మీద అద్దాడు, కొడుకు ముఖం మీద అద్దుకున్నాడు. లక్క, గుగ్గిలం, కాటుక, జేగురు కలిపి అతను కాచే రంగు నీళ్ళకి కదలదు, చెమటకి చెదరదు. ఇరవై మూడు వేషాలున్నాయి అతనికి. ఆ వేషాలన్నిటికీ బంధుబలగం బోలెడు. మావటి అంకన్నకి గజశాలలో ప్రాణమిచ్చే మిత్రులు. బైరాగి వేషానికి నాలుగు ఊళ్ళలో శిష్యులు. గాజుల మల్లమ్మ వేషానికైతే అంతఃపురంలోనే చనువు. రాకుమారి కువలయ మల్లమ్మని పక్కన కూర్చోబెట్టుకుని, తనకి తోచిన హాస్యాలన్నీ ముందు ఆమెకే చెప్పి, నవ్వు రాకపోతే గాజులు కొననని బెదిరించేది.

సారంగుడికి మాత్రం ఎవరూ లేరు. ఉండే వీలు లేదు. మూతి తుడుచుకుంటే రంగు చెదురుతుందని నలుగురిలో భోజనం చేయడు. గట్టిగా నవ్వితే పెదవుల చివర లక్క పగుళ్ళిస్తుందని నవ్వడు. ఊరి బయట ఒక గుహలో, అద్దం లేని చోట, వారానికొకసారి రంగు కరిగించుకుని, చీకటి పడకముందే మళ్ళీ పూసుకుంటాడు. ఆ రంగు కింద ఏముందో తండ్రి పోయాక ఎవరికీ తెలియదు. తొమ్మిదో ఏట ఎడమ కనుబొమ్మ చివర చుక్కంత తెల్లమచ్చ లేచింది. చుక్క చుక్కా కలిసి చెంప మీదికి, నోటి చుట్టూ, మెడ కిందికి, రెండు చేతుల మీదికీ దిగాయి. వీధిలో పిల్లలు పేరు మార్చేశారు. ఆ పేరు వినపడకుండా ఉండాలని మొదటి వేషం కట్టాడు. రెండోది మొదటిదాన్ని దాచడానికి. అలా ఇరవై మూడు.

"సారంగా," అన్నాడు మహారాజు. "కువలయని ఎత్తుకుపోయింది మాంత్రికుడు ధూమకంఠుడని తేలింది. పెళ్ళికి ఒప్పుకోలేదని తామ్రదుర్గంలో బంధించి రోజుకింత చొప్పున రాయిగా మారుస్తున్నాడట. పాదాలు, నడుము, భుజాలు అయిపోయాయి. ఈ ఉదయం కాకి చేత లేఖ పంపాడు. రేపు సూర్యాస్తమయానికి కళ్ళు కూడా రాళ్ళవుతాయట."

మంత్రి ధీనిధి ఒక వెదురు చేతికర్ర తెచ్చి ఇచ్చాడు. "దీని బోలులో ఏడు చుక్కల చంద్రకాంత జలం ఉంది. కళ్ళు రాయి కాకముందు కళ్ళలో పడితే ఒళ్ళంతా మళ్ళీ ప్రాణమొస్తుంది. రాయయ్యాక పడితే రాయి తడుస్తుంది, అంతే. ఇంకో సంగతి. తామ్రదుర్గం గుమ్మంలో వచ్చిన ప్రతివాడి ముఖమూ కడుగుతారు. మారువేషాలంటే ధూమకంఠుడికి హడలు."

"కడగనివ్వండి. నా రంగు మూడు ఏళ్ళు కడిగినా పోదు."

అతను వెనక్కి తిరిగాక మహారాజు పిలిచాడు. "ఒక్కసారి నీ అసలు ముఖం చూపించి వెళ్ళు నాయనా. చావు నోట్లోకి పంపుతున్నవాడి ముఖమైనా తెలియకుండా పంపడం నాకు బాగాలేదు."

"అది అంత చూడదగ్గ వేషం కాదు ప్రభూ," అన్నాడు సారంగుడు. అని వెళ్ళిపోయాడు.

మొదటి అడవిలో దొంగలు అడ్డగించారు. చెట్టు చాటుకి దూకినవాడు బైరాగి అయి తిరిగొచ్చాడు. గడ్డం తప్ప దోచుకోవడానికి ఏమీ కనపడక దొంగలే దక్షిణ ఇచ్చి పంపారు. వరదెత్తిన వాగు దగ్గర పడవవాడు మగవాళ్ళని ఎక్కించుకోనన్నాడు, ఆడవాళ్ళైతే వచ్చి తెడ్డు వేస్తారని. గాజుల మల్లమ్మ ఎక్కి వాగు దాటేదాకా తెడ్డు వేసింది, పడవవాడు కునుకు తీశాడు. గట్టెక్కాక మల్లమ్మకి మళ్ళీ మీసం మొలిచింది. తెల్లారేసరికి ఇక మిగిలింది ఒక్క జ్వాలాలోయ. దానవతల తామ్రదుర్గం.

ఆ లోయ అందం ఏం చెప్పాలి! రెండు వైపులా పగడాల గోడల్లా ఎర్రటి కొండలు. రాళ్ళ సందుల్లో నీలి మంటలు నెమలి పింఛాల్లా విచ్చుకుంటూ ముడుచుకుంటూ ఉన్నాయి. గాలి వీస్తే కాల్చిన చెరుకు వాసన. నేల మీద బంగారు రజను పరచుకుని ఉంది. సారంగుడు ఆ రజను మీద అడుగు వేశాడు. రజను కన్ను తెరిచింది.

అది నేల కాదు, ఉడుము. తాటిచెట్టంత పొడుగు. వీపు మీద పొలుసులు పళ్ళాలంతేసి ఉన్నాయి. అది నోరు తెరిస్తే కొలిమి, మూస్తే పొగగూడు. సారంగుడు ఎడమకి దూకాడు, ఎడమవైపు రాయి కరిగింది. కుడికి దూకాడు, కుడివైపు చెట్టు బూడిదైంది. మీదికి దూకడానికి వీల్లేదు, మీద ఆకాశముంది, దాన్ని పట్టుకోవడానికి పిడి లేదు. వేడికి ముఖం మీది లక్క మెత్తబడింది. మీసం జారి గడ్డమైంది, గడ్డం జారి బొడ్డు దాకా వచ్చింది. నీళ్ళకి లొంగని రంగు నిప్పుకి లొంగిపోయింది.

ఉడుము మూడోసారి నోరు తెరిచింది. సారంగుడి చంకలో రంగుల పెట్టె ఉంది. వీశెల కొద్దీ లక్క, గుగ్గిలం. ఇరవై మూడు ముఖాలు. ఒక్క రెప్పపాటు దాన్ని గుండెకి హత్తుకున్నాడు. తర్వాత ఉన్న బలమంతా కూడదీసుకుని ఆ నోట్లోకి విసిరాడు.

లక్క భగ్గున మండింది, కరిగింది, పాకమై ఉడుము కోరలకి పట్టింది. అది నోరు మూసింది. మళ్ళీ తెరుద్దామనుకుంది. కుదరలేదు. ఇరవై మూడు ముఖాలు కలిసి ఒక్క నోరు మూయించాయి. పై దవడ కింది దవడని వదలక, లోపలి పొగ చెవుల్లోంచి కక్కుతూ, అది కొండ మీద తల బాదుకుంటూ దొర్లిపోయింది.

లోయ చివర ఒక సెలయేరు. సారంగుడు మిగిలిన లక్క గీకేసుకుని, ముఖం కడుక్కుని, నీళ్ళలోకి చూడకుండా లేవబోయాడు. నీళ్ళు చూపించేశాయి. పగటి వెలుగులో ఆ ముఖాన్ని చూసి పదేళ్ళయింది. మచ్చలు ఇంకా పెరిగాయి. చెంప మీది తెలుపు ఇప్పుడు చెవి దాకా వచ్చింది. కనుబొమ్మ సగం నలుపు, సగం తెలుపు.

వెనక్కి వెళ్ళి రంగు కాచుకోవాలంటే రెండు రోజులు. కువలయకి ఉన్నది మూడు జాములు. తలపాగా విప్పి కళ్ళు మాత్రం కనపడేలా ముఖానికి చుట్టుకుని, చేతులు ఉత్తరీయంలో దాచుకుని, బాట పట్టాడు.

బాట మీద రాగి బిందెలు మోసుకెళ్తున్న వర్తకుల గుంపు కలిసింది. వాళ్ళు చెట్టు కింద అన్నం మూటలు విప్పి, "ఏమయ్యో, రా, రెండు ముద్దలు తిని పో," అని పిలిచారు. నిన్న పొద్దుటి నుంచీ ఏమీ తినని మనిషి. తినాలంటే ముసుగు తీయాలి, కలపాలంటే చెయ్యి చాపాలి. "ఇవాళ ఉపవాసం," అన్నాడు. ఇంకాస్త దూరంగా వేరే చెట్టు కింద, వాళ్ళకి వీపు పెట్టి కూర్చున్నాడు. గోంగూర పచ్చడి వాసన మాత్రం ఏ మొహమాటమూ లేకుండా అతని దాకా వచ్చింది.

బారెడు పొద్దు ఉందనగా తామ్రదుర్గం కనిపించింది. ఊరు ఊరంతా కంచరులు. కప్పులు రాగి, తలుపులు రాగి, వీధి అరుగుల మీద రాగి రేకులు. వెయ్యి సుత్తులు ఒకేసారి మోగుతుంటే ఆకాశమే ఎవరో చెక్కుతున్న పళ్ళెంలా ఉంది. ఊరి నడుమ నిటారుగా రాగి బురుజు. దాని కొసన ఒకే ఒక కిటికీ. కిటికీలో కదలని మనిషి ఆకారం.

గుమ్మంలో నాలుగు వందల మంది వరస. వరస మొదట్లో ముక్కాలి పీట మీద కూర్చున్న బొద్దుమనిషి ముఖాధికారి తామ్రనాథుడు. అతని పక్కన మూడు గంగాళాలు: ఒకదాంట్లో బూడిద, ఒకదాంట్లో కుంకుడు రసం, ఒకదాంట్లో చింతపండు. గంగాళాల వెనక, చీర బిగించి, కొబ్బరి పీచు చేతపట్టి ఈరమ్మ నిలబడి ఉంది. ముప్పై ఏళ్ళు కోట వంటింట్లో గిన్నెలు తోమింది. గిన్నెలైనా ముఖాలైనా మకిలి మకిలే అని ఆమెని ఇక్కడికి మార్చారు. సందు దొరికినచోటల్లా దూరుతూ సారంగుడు వరస ముందుకి చేరాడు.

"రా నాయనా, వంగు," అంది ఈరమ్మ. "కళ్ళు గట్టిగా మూసుకో. చింతపండు పడితే తర్వాత నన్ను తిట్టి లాభం లేదు. ముసుగు తియ్యి మరి, గుడ్డకి తోమమంటావా?"

సారంగుడి చెయ్యి తలపాగా కొస దగ్గర ఆగిపోయింది. వెనక నాలుగు వందల మంది. ఒక్కొక్కరికి రెండేసి కళ్ళు.

"ఏరా, పెళ్ళికూతురివా?" అన్నాడు తామ్రనాథుడు. "తీయ్!"

బురుజు నీడ గోడ మీద ఒక చాప మేర పెరిగింది. సారంగుడు తలపాగా లాగేశాడు.

వరసలో ముందున్నవాళ్ళు వెనక్కి జరిగారు, వెనకున్నవాళ్ళు చూడ్డానికి ముందుకు జరిగారు. నడుమ ఉన్నవాళ్ళు నలిగారు.

ఈరమ్మ మాత్రం అతని గడ్డం పట్టుకుని వెలుగు వైపు తిప్పి, బిందె కొనబోతున్నదానిలా పరిశీలించింది.

"ఓసోస్! కళాయి పూసుకొచ్చావా! ఎవడు పూశాడో గాని ఒట్టి చేతకానోడు. ఇక్కడ పట్టింది, ఇక్కడ పట్టలేదు, ఈ కనుబొమ్మ దగ్గర సగంలో వదిలేశాడు. రాగిని సరిగ్గా కాచకుండా పూస్తే ఇలాగే పొరలు పొరలుగా పోతుంది."

వరసలోని కంచరులందరూ తలలూపారు. పుట్టినప్పటి నుంచీ వాళ్ళు చూసింది రాగి, రాగి మీద తెల్లటి తగరపు పూత, అదే కళాయి. గోధుమరంగు మీద తెలుపు కనపడితే ఆ ఊళ్ళో ఎవరికైనా తోచేది అదొక్కటే.

"కళాయి ముఖం! కొత్త వేషం!" అని తామ్రనాథుడు పీట మీంచి లేచాడు. "తోము ఈరమ్మా!"

చిత్రమేమిటంటే సారంగుడు నోరు విప్పలేదు. వేషమనుకుంటున్నారు. అనుకోనీ. వేషగాడనిపించుకోవడం అతనికి అలవాటే. అది వేషం కాదని చెప్పడమే అతనికి రాదు. మూడుసార్లు తోమి విసుగొచ్చి వదిలేస్తారులే అనుకున్నాడు.

ఈరమ్మ బూడిదతో తోమింది. కుంకుడు రసంతో తోమింది. చింతపండు ముద్ద పెట్టి, పళ్ళు కొరికి, మోచేతి దాకా బలం దించి తోమింది. అడుగంటిన పాయసం గిన్నెని కూడా అంత తోమి ఉండదు. నీళ్ళు పోసి చూసింది. తెలుపు తెలుపుగానే ఉంది.

"వదల్లేదయ్యా," అంది ఆమె. ముప్పై ఏళ్ళలో మొదటిసారి ఆమె గొంతు తగ్గింది. "నా చేతికి లొంగని మరక ఇదే."

"కళాయి నీళ్ళకి పోతుందా, పిచ్చిదానా?" అన్నాడు తామ్రనాథుడు. చిన్న సుత్తి తీసి సారంగుడి నుదుటి మీద టక్కున కొట్టి, చెవి ఆనించి విన్నాడు. "మోగడం లేదు. మందం రేకు. కళాయి వదలాలంటే సెగ తగలాలి. కొలిమి తెప్పించండి!"

నలుగురు మనుషులు కొలిమి దింపారు. తిత్తులు బుసకొట్టాయి. బొగ్గులు ఎర్రబడ్డాయి. ఇద్దరు సారంగుడి రెక్కలు విరిచి పట్టుకున్నారు. చేతికర్ర కింద పడింది. దొర్లి దొర్లి గంగాళం దగ్గర ఆగింది.

"చూడు," అన్నాడు తామ్రనాథుడు, పట్టకారు కాలుస్తూ. "నేనేం రాక్షసుణ్ణి కాదు. పూసినవాడి పేరు చెప్పు, నిన్ను వదిలేస్తాను. ఎవడు? ఈ ఊరివాడేనా? ఏ వీధి? ఒక్క పేరు చాలు."

ఒక్క పేరు! సారంగుడికి పేర్లకి కొదవా? ఇరవై మూడు నాలుక చివరే ఉన్నాయి. వాటిలో ఏదో ఒక పేరున్నవాడు ఊళ్ళో ఉంటాడు, వాణ్ణి లాక్కొస్తారు, ఈ పట్టకారు వాడి చేతికి ఆనుతుంది. తను లోపలికి పోవచ్చు. ముఖం గురించి ఒక్క మాటా చెప్పనక్కర్లేదు.

బురుజు నీడ గుమ్మాన్ని తాకింది. పట్టకారు సెగ చెంపకి తగిలింది.

"ఎవరూ పూయలేదు," అన్నాడు సారంగుడు.

"ఏమిటీ?"

"ఎవరూ పూయలేదు. ఇది బొల్లి." గొంతు అతనిది కాదన్నట్టు పలికింది. ఏ వేషంలోనూ ఇంత మెల్లగా మాట్లాడలేదు. గాలి పీల్చుకుని మళ్ళీ అన్నాడు, ఈసారి వరస చివరికి వినపడేలా. "బొల్లి! నా తొమ్మిదో ఏట ఇక్కడ, ఈ కనుబొమ్మ దగ్గర మొదలైంది. వేషం కాదు. వేషాలన్నీ నిప్పుల్లో పోయాయి. ఇది నా ముఖం. చేతులూ ఇంతే, చూసుకోండి."

"వేషగాడు ఇంకేం చెబుతాడు?" అని తామ్రనాథుడు పట్టకారు ఎత్తాడు.

"అయ్యా, మీరు కంచరులు. మీకు తెలియనిదా? కళాయిని గడియసేపు తోమితే ఏమవుతుంది?"

"మెరుస్తుంది. లేదా పలచబడుతుంది."

"ఇది ఏమైందో చూడండి. అవ్వా, నువ్వే చూడు. నువ్వు తోమినదే కదా."

ఈరమ్మ దగ్గరికి వచ్చి వంగింది. తెల్లటి చెంప మందారప్పువ్వులా ఎర్రబడి ఉంది. కనుబొమ్మ పక్కన పీచు గీసుకున్నచోట సన్నటి నెత్తురు చార.

"ఏ కళాయైనా తోమితే ఎర్రబడుతుందా అవ్వా?" అన్నాడు సారంగుడు.

ఈరమ్మ చేతిలోంచి పీచు జారిపోయింది. రెక్కలు పట్టుకున్న ఇద్దరూ వదిలేశారు. "అయ్యో నా తండ్రీ... తోలు! తోలయ్యా ఇది! పచ్చి తోలు మీద చింతపండు పెట్టి తోమానయ్యా! మంటగా ఉందా నాయనా?"

"బూడిద ఫర్వాలేదు. చింతపండే కాస్త ఎక్కువైంది."

వరసలో ఎవరో కిసుక్కున నవ్వారు. ఇంకెవరో, "దగ్గరికి పోకండే, అంటుకుంటుందేమో," అన్నారు. ఒక వర్తకుడు, ఇందాక చెట్టు కింద అన్నానికి పిలిచినవాడే, "పాపం," అన్నాడు. సారంగుడికి మూడిటిలో ఈ చివరిదే ఎక్కువ మండింది.

"అంటుకోదు," అన్నాడు. "మా నాన్న నన్ను ఇరవై ఏళ్ళు పెంచాడు, తిట్టాడు, పక్కలో పడుకోబెట్టుకున్నాడు. పోయేదాకా ఆయన ఒంటి మీద ఒక్క మచ్చ లేదు. ఆయనకే అంటనిది దారిన పోయే మీకెందుకు అంటుకుంటుంది?"

"మా మేనత్తకి ఉండేది," అంది వరసలోంచి ఒక ఆడమనిషి. "మనిషి మాత్రం మహా గయ్యాళి. అది కూడా మాకెవరికీ అంటలేదు."

ఈసారి నవ్వు పెద్దదైంది. ఈరమ్మ నవ్వలేదు. చేతులు చీరకి తుడుచుకుంది. పీచు లేని ఉత్త అరచెయ్యి అతని చెంప కింద పెట్టి, కాలిన చోట ఊదినట్టు, ఉఫ్ ఉఫ్ అని మెల్లగా ఊదింది. సారంగుడు కదల్లేదు. తండ్రి పోయాక ఆ చెంపని ఎవరూ ముట్టుకోలేదు. ఎలా నిలబడాలో, చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక, గంగాళం అంచు పట్టుకుని నిలబడ్డాడు.

తామ్రనాథుడు పట్టకారు నీళ్ళలో ముంచాడు. తాటాకు తీసి గంటంతో రాశాడు: "వన్నె: సొంతం." రాసి, తల గోక్కున్నాడు.

"ఇక్కడితో అయిపోలేదు నాయనా. మా ఊళ్ళో ఒక కట్టడి ఉంది. మంచి బిందెని చిల్లి బిందె అన్నవాడు వీధి వీధికీ తిరిగి తప్పు ఒప్పుకోవాలి. మనిషికైనా అంతే. నిన్ను వేషగాడన్నాం కాబట్టి, నువ్వు నడిచే ప్రతి వీధిలోనూ కాదని దండోరా వేయించాలి. లేకపోతే ఎవడో ఒకడు నిన్ను మళ్ళీ కొలిమి మీద పెడతాడు. గవరయ్యా! డప్పు!"

నాలుగు వందల మందికి చెప్పడమే ఈ జన్మకి ఎక్కువ అనుకుంటే, ఇప్పుడు ఊరందరికీ డప్పు కొట్టి చెప్పడమా! కానీ బురుజుకీ సూర్యుడికీ మధ్య రెండు జానల ఎడం లేదు. చేతికర్ర తీసుకున్నాడు. డప్పు గవరయ్య ముందు నడిచాడు, బట్టతల వాడు, బండగొంతు వాడు.

మొదటి వీధి మొగలో గవరయ్య ఆగి, వెనక్కి తిరిగి గుసగుసగా అడిగాడు. "తమ్ముడూ, గట్టిగా చెప్పనా, మెల్లిగా చెప్పనా? నీ ఇష్టం. మెల్లిగా చెబితే ఎవరికీ వినపడదు, కట్టడీ తీరుతుంది."

"మెల్లిగా చెబితే ప్రతి గుమ్మంలోనూ ఆపి అడుగుతారన్నా. నాకు పొద్దు లేదు. గట్టిగానే చెప్పు."

"హై!" అన్నాడు గవరయ్య. డప్పు మీద పుల్ల విరిగేలా కొట్టాడు. "ఇందుమూలముగా యావన్మందికీ తెలియజేయడమేమనగా! ఇతగాడి ముఖాన ఉన్నది కళాయి కాదహో! బొల్లియహో! వేషం కాదహో! సొంత ముఖమేనహో!"

సుత్తులు ఆగాయి. వీధి పొడుగునా తలలు లేచాయి. కళ్ళు, కళ్ళు, కళ్ళు. సారంగుడి చెయ్యి అలవాటుగా చెంప మీదికి లేచింది. ఆ చేతి మీదా మచ్చలే. దేన్ని దేనితో దాచాలి? దించేశాడు. అతను వీధి చివరికి చేరేలోపే ఒక సుత్తి మోగింది, తర్వాత పది, తర్వాత అన్నీ. చూసినవాళ్ళు చూసి, పనిలో పడ్డారు. రెండో వీధిలో ఒక ముసలాయన, "ఆ మేనిఛాయకి ఏ రంగు పంచె నప్పుతుందంటావు?" అని పక్కవాడితో వాదన పెట్టుకున్నాడు. మూడో వీధిలో ఒకామె కొడుకు కళ్ళు మూసింది. నాలుగో వీధికి సారంగుడే గవరయ్యని దాటి ముందు నడుస్తున్నాడు. "తొందరగా అన్నా! నడుస్తూ కొట్టు! కళాయి కాదని త్వరగా చెప్పెయ్యి!"

బురుజు మొదట్లోకి వచ్చేసరికి సూర్యుడి అడుగు కొండని తాకింది. రాగి తలుపులు మూసి ఉన్నాయి. తలుపు పక్కన నిలువునా ఒక గొలుసు కిటికీ దాకా వేలాడుతోంది. సారంగుడు తలెత్తాడు. కిటికీలో కువలయ. బుగ్గలు బూడిదరంగు రాయి. పెదవులు రాయి. కళ్ళు మాత్రం బతికి ఉన్నాయి. ఆ కళ్ళు గాజుల మల్లమ్మ కోసమో, ఇంకెవరి కోసమో వెతికి, చివరికి కింద నిలబడ్డ ముక్కూ ముఖం తెలియని ఈ మనిషి మీద ఆగాయి. అతని మచ్చల మీదే ఆగాయి. అతనికి తెలుసు, చూపు ఎక్కడ ఆగుతుందో ఎప్పుడూ తెలుస్తుంది. తల దించుకోలేదు. దించుకుంటే కిటికీ కనపడదు.

చేతికర్ర పళ్ళ మధ్య కరిచిపట్టి గొలుసు అందుకున్నాడు. నిలువు ఎక్కాడు. రెండు నిలువులు ఎక్కాడు. అప్పుడు బురుజు కప్పు మీంచి చిక్కటి నల్లటి పొగ, తాడులా పేనుకుంటూ, కిందికి దిగసాగింది. పొగ కొసన ఎర్రటి కళ్ళు.

"ఎవడురా అది?" అని పొగ గర్జించింది. "ఏ వేషంలో వచ్చావురా?"

సారంగుడి నోట్లో కర్ర ఉంది. జవాబు చెప్పడానికి వీల్లేదు. కింద గవరయ్య రెండడుగులు వెనక్కి వేశాడు గాని, కట్టడి ప్రకారం చివరి గుమ్మంలో మూడుసార్లు చెప్పాలి, ఇంకా ఒక్కసారే అయింది. కళ్ళు గట్టిగా మూసుకుని, డప్పు పగిలేలా బాదుతూ, ధూమకంఠుడికీ, కువలయకీ, ఊరందరికీ వినపడేలా అరిచాడు.

"వేషం కాదహో! సొంత ముఖమేనహో!"

సారంగుడు గొలుసు మీద ఇంకో చెయ్యి పైకి వేశాడు.